ప్రకటనల డబ్బు చేతికి రాకముందే పాఠం చెప్పండి: విద్యార్థి క్రీడాకారుల తరఫున విశ్వవిద్యాలయాలకు బహిరంగ లేఖ

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, క్రీడా మండలి కార్యదర్శి గారికి, విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల పాలకులకు, అనుబంధ కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లకు

నమస్కారం.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఆదాయపు పన్ను వ్యవహారాలు చూసే వృత్తిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది వ్యాపారులు, కాంట్రాక్టర్లు, విశ్రాంత ఉద్యోగులు. గత కొన్నేళ్లుగా వీరితోపాటు మరో రకం కుటుంబాలు కూడా రావడం మొదలైంది. డిగ్రీయో, ఇంజనీరింగో చదువుతూ కబడ్డీ, అథ్లెటిక్స్, విలువిద్య, క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల తల్లిదండ్రులు ఒక నోటీసో, ఒక ఒప్పంద పత్రమో, కొన్నిసార్లు ఫోన్‌లో ఒక సందేశమో పట్టుకుని వచ్చి, దీని అర్థం ఏమిటని అడుగుతున్నారు. వారికి సమాధానం చెప్పాల్సింది నేను కాదనీ, నా దగ్గరికి వచ్చేసరికే ఆలస్యం అయిపోతోందనీ, ఆ సమాధానం వారికి చదువు చెప్పే చోటనే, డబ్బు రాకముందే దొరకాలనీ నాకు గట్టిగా అనిపించడం వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ప్రాంతం క్రీడాకారులకు కొత్త కాదు. 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చెస్ కిరీటం గెలిచిన కోనేరు హంపి గుడివాడలో పుట్టారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించిన వెన్నం జ్యోతి సురేఖది విజయవాడ. పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే 2023 ఐపీఎల్ వేలంలో 20 లక్షల రూపాయలకు చెన్నై జట్టులోకి వెళ్లిన షేక్ రషీద్‌ది గుంటూరు. నాగార్జున విశ్వవిద్యాలయం రంగుల్లో హర్డిల్స్ పరుగెత్తిన జ్యోతి యర్రాజి 2023లో ఆసియా ఛాంపియన్ అయ్యారు. ఇంత ఎత్తుకు చేరినవారికి మేనేజర్లు ఉంటారు, న్యాయవాదులు ఉంటారు, తప్పు జరిగితే సరిదిద్దే మనుషులు ఉంటారు. ఈ లేఖ వారి గురించి కాదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఒక పతకం, రాష్ట్ర స్థాయిలో ఒక రికార్డు, ఇన్‌స్టాగ్రామ్‌లో కొన్ని వేల మంది అనుచరులు ఉండి, అడిగే పెద్ద దిక్కు మాత్రం లేని విద్యార్థుల గురించి ఈ లేఖ.

వీరికి వచ్చే మొదటి డబ్బు కోట్లలో ఉండదు. ఒక జిమ్ యజమాని రీల్ చేసి పెట్టమని ఐదు వేలు ఇస్తాడు. ఒక బూట్ల దుకాణం జత బూట్లు ఇచ్చి ఏడాదంతా వాటితోనే కనిపించమంటుంది. ప్రొటీన్ పొడి అమ్మే దుకాణం నాలుగు డబ్బాలు, కాస్త నగదు ఇస్తుంది. నగల దుకాణం, బట్టల షాపు ప్రారంభోత్సవానికి పిలుస్తాయి. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో గెలిచిన జట్టుకు ఊరి పెద్దమనిషో, విత్తనాల కంపెనీ డీలరో నగదు చదివించి, పోటీల ఫొటోలను తర్వాత తన ప్రచారానికి వాడుకుంటారు. వీటిలో ఏ ఒక్కదానినీ విద్యార్థి ‘ఒప్పందం’ అనుకోడు. అభిమానంతో ఇచ్చిన కానుక అనుకుంటాడు. చట్టం దృష్టిలో అది ఆదాయం, బాధ్యతతో కూడిన ఆదాయం కూడా.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. దుకాణం పేరూ, విద్యార్థిని పేరూ చెప్పను. పల్నాడు ప్రాంతపు పల్లె నుంచి వచ్చి గుంటూరులో డిగ్రీ చదువుతున్న ఒక అథ్లెట్‌తో సప్లిమెంట్ల వ్యాపారి ఒకరు రెండు పేజీల ఇంగ్లీషు పత్రం మీద సంతకం చేయించుకున్నారు. ఇచ్చింది 15 వేల రూపాయలు, కొన్ని డబ్బాలు. ఆ పత్రంలో ఆమె ఫొటోను ఎంతకాలమైనా, ఎక్కడైనా, ఏ మాధ్యమంలోనైనా వాడుకోవచ్చని ఉంది. మూడేళ్లపాటు మరే పోషకాహార ఉత్పత్తికీ ప్రచారం చేయకూడదని ఉంది. వివాదం వస్తే మరో రాష్ట్రంలోని నగరంలో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలని కూడా ఉంది. తర్వాత ఆమెకు మంచి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. అప్పుడు తెలిసింది, తన ముఖం మీద తనకు హక్కు సగమే మిగిలిందని. తండ్రి కౌలు రైతు. మరో రాష్ట్రానికి వెళ్లి వాదించుకునే స్తోమత ఎక్కడిది? ఇక్కడ వ్యాపారి చట్టవిరుద్ధంగా ఏమీ చేసినట్టు నాకు కనిపించలేదు. చదవకుండా సంతకం చేసే అమ్మాయి దొరికింది, అంతే. మూడేళ్ల డిగ్రీలో ఒక్క మధ్యాహ్నం ఎవరైనా ఆ రెండు పేజీలను ఎలా చదవాలో చెప్పి ఉంటే, ఆమె సంతకం చేసేది కాదని నా నమ్మకం.

ఈ విషయంలో అమెరికా అనుభవాన్ని తెలుసుకోవడం మేలు. అక్కడ కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ, విద్యార్థి తన పేరును, ఫొటోను వాడుకుని డబ్బు సంపాదించడాన్ని దశాబ్దాలపాటు నిషేధించింది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ నిషేధాన్ని చెల్లనివ్వని చట్టం తెచ్చింది. 2021 జూన్‌లో మరో కేసులో సుప్రీంకోర్టు ఆ సంస్థకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జూలై 1 నుంచి విద్యార్థులు ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ అంగీకరించింది. అక్కడ దీన్ని ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్: పేరు, బొమ్మ, పోలిక) అని పిలుస్తారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం మాత్రం నిషేధం తొలగడానికి ఏడాది ముందే, 2020లోనే, తన క్రీడాకారులకు ఈ విషయంలో శిక్షణ ఏర్పాటు చేసింది. డబ్బు రాకముందే పాఠం అనే మాట నేను అక్కడి నుంచి నేర్చుకున్నాను.

పాఠం చేరని చోట ఏం జరిగిందో కూడా చూడాలి. 2022లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటగాడు గెర్వాన్ డెక్స్టర్ ఒక పెట్టుబడి సంస్థ నుంచి 4,36,485 డాలర్లు తీసుకున్నాడు. బదులుగా, వృత్తి క్రీడాకారుడిగా మారాక 25 ఏళ్లపాటు తన ఆదాయంలో 15 శాతం, అదీ పన్ను కట్టకముందు లెక్కన, ఆ సంస్థకు ఇస్తానని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ ఒప్పందం చెల్లదని కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి అనుభవాల తర్వాతే, ఒప్పందాల నమూనా, ఏజెంట్ల నమోదు, విద్యార్థులకు శిక్షణ, 600 డాలర్లు దాటిన ఒప్పందాలను విశ్వవిద్యాలయానికి తెలియజేయడం వంటి ఏర్పాట్లకు ఎన్‌సీఏఏ 2024లో ఆమోదం తెలిపింది. ముందు తలుపు తెరిచి, మూడేళ్ల తర్వాత దారి చూపించారన్నమాట. మనం వరుస మార్చుకోవచ్చు.

మన ఇళ్ల నుంచి అమెరికా వెళ్లే పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. ఎఫ్-1 వీసా మీద అక్కడ చదివే విద్యార్థికి క్యాంపస్ బయట పని చేసే విషయంలో గట్టి ఆంక్షలు ఉన్నాయి. పక్కనున్న అమెరికన్ సహచరుడు ప్రకటనల్లో నటిస్తున్నాడని తానూ నటిస్తే వీసాకే ముప్పు రావచ్చు. బెజవాడ, గుంటూరు కుటుంబాల్లో ఈ సంగతి తెలిసినవారు బహు తక్కువ.

అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని నేను అనడం లేదు. అక్కడ విశ్వవిద్యాలయ క్రీడ ఒక పెద్ద వ్యాపారం. 2025 జూలై నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. మనకు ఆ టికెట్లూ లేవు, ఆ టీవీ హక్కులూ లేవు. మనవాళ్లకు వచ్చేది చిన్న మొత్తం. కానీ చిన్న మొత్తం చుట్టూ కూడా చట్టాలు అన్నీ ఉన్నాయి, అవి కుర్రవాడి వయసు చూసి మెత్తబడవు.

ముందుగా నా వృత్తికి సంబంధించిన భాగం. క్రీడాకారుడికి ఫీజుగా ఇచ్చే సొమ్ము ఏడాదిలో 50 వేలు దాటితే, చెల్లించే సంస్థ 10 శాతం పన్ను మినహాయించి మిగిలినది ఇస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలే. పాన్ నంబరు ఇవ్వకపోతే మినహాయింపు 20 శాతం అవుతుంది. లక్ష రూపాయలకు ఒప్పుకున్న విద్యార్థి ఖాతాలో 90 వేలో, 80 వేలో పడగానే ‘మోసం చేశారు’ అని వచ్చినవారిని నేను చూశాను. మోసం కాదు, ఆ సొమ్ము పన్నుగా ప్రభుత్వం దగ్గర జమ అయింది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు ఇలాంటి ఆదాయంపై కట్టాల్సిన పన్ను సున్నా. అంటే మినహాయించిన సొమ్ము మొత్తం తిరిగి వస్తుంది, కానీ రిటర్న్ దాఖలు చేస్తేనే వస్తుంది. దాఖలు చేయాలని చెప్పేవారు లేక ఆ పది వేలు వదిలేసుకున్న పిల్లలు ఎంతమందో. ఆ పది వేలకు మంచి స్పైక్స్ జత వస్తుంది.

వస్తు రూపంలో వచ్చే దాని గురించి ఇంకా తక్కువ మందికి తెలుసు. 2022 జూలై 1 నుంచి, వ్యాపార ప్రయోజనంగా ఇచ్చిన వస్తువుల విలువ ఏడాదిలో 20 వేలు దాటితే దానిపైన కూడా 10 శాతం పన్ను కోత వర్తిస్తుంది. ఒక దుకాణం 40 వేల ఫోన్ ఇచ్చి రీల్ చేయించుకుంది అనుకుందాం. రీల్ అయ్యాక ఫోన్ తిరిగి ఇచ్చేస్తే సమస్య లేదు. ఉంచుకుంటే అది ఆదాయమే, 4 వేల పన్ను జమ అయ్యేలా చూడాల్సిన బాధ్యత ఇచ్చినవారిది. నగదు చేతికి రాకుండానే ఆదాయం లెక్కలోకి వస్తుందంటే పిల్లలు నమ్మరు. నోటీసు వచ్చాక నమ్ముతారు.

పదిహేడేళ్లకే డిగ్రీలో చేరే పిల్లల సంగతి వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి చేసుకున్న ఒప్పందం చెల్లదు. తల్లిదండ్రుల సంతకంతో నడిచిన వ్యవహారం పద్దెనిమిది నిండిన రోజున ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. అలాగే, మైనర్ ఆదాయం మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది, కానీ ప్రతిభతో సంపాదించినది కలవదు, విడిగా బిడ్డ పేరునే లెక్కించాలి. కోచ్ ఖాతాలోకో, మేనమామ ఖాతాలోకో డబ్బు వేయించుకునే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దానివల్ల పన్ను ఒకరి మెడకు, సొమ్ము మరొకరి చేతికి చుట్టుకుంటున్నాయి. విద్యార్థి పేరున బ్యాంకు ఖాతా, పాన్ కార్డు తీయించడం కళాశాలకు ఒక్క పూట పని. మరో సున్నితమైన విషయం కూడా ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ, కొన్ని ఇతర పథకాలకూ కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. బిడ్డ రిటర్న్‌లో కనిపించే ప్రకటనల ఆదాయం అక్కడ ప్రశ్నగా మారే అవకాశం ఉన్నప్పుడు, ఆ సంగతి దరఖాస్తు తిరస్కరించిన తర్వాత కాకుండా ముందే వివరించగలిగే మనిషి స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఒకరు ఉండాలి.

పన్ను తప్పులు సాధారణంగా డబ్బుతో సరిపోతాయి. ప్రచారం చేసిన వస్తువు వల్ల వచ్చే తప్పులు అంతటితో ఆగవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటనలో కనిపించిన వ్యక్తికి కూడా 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాది పాటు, పునరావృతమైతే మూడేళ్ల వరకు ప్రకటనలు చేయకుండా నిషేధించవచ్చు. చెప్పే మాటలో నిజం ఎంతో ముందే విచారించి చూసుకున్నవారికి మాత్రం చట్టం రక్షణ ఇస్తోంది. ‘నెల రోజుల్లో పది కిలోలు తగ్గాను’ అని రీల్‌లో చెప్పే ముందు ఆ మాట నిజమా కాదా అని అడిగే అలవాటు తరగతిలోనే పడాలి. డబ్బో, వస్తువో తీసుకుని చేసిన రీల్‌లో అది ప్రకటన అని స్పష్టంగా, రీల్ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే తెలపాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు రీల్ చివర కనీకనిపించని ఇంగ్లీషు మాట ఒకటి అతికిస్తే సరిపోదు.

ఆన్‌లైన్ బెట్టింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అలాంటి ఆటలకు ప్రకటన ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఆ ఏడాది పేరున్న నటులూ, యూట్యూబర్లూ పోలీసుల ముందూ, ఈడీ ముందూ హాజరు కావడం మనం చూశాం. ఇవి విద్యార్థుల దగ్గరికి ‘క్రికెట్ అంచనాల గ్రూపు’ అనే ముసుగులో వస్తాయి. టెలిగ్రామ్ లింకు పెడితే రోజుకు ఇంత అంటారు. క్రికెట్ ఆడే ప్రతి హాస్టల్‌లోనూ ఈ మాట వినిపించే ఉంటుంది. పెద్ద తారలకు న్యాయవాదులు ఉన్నారు. తాడేపల్లి హాస్టల్‌లో ఉండే ఎడమచేతి స్పిన్నర్‌కు ఎవరున్నారు?

సప్లిమెంట్ల ప్రకటనలకూ డోపింగ్‌కూ ఉన్న సంబంధం ఫిజికల్ డైరెక్టర్లకు నేను చెప్పనక్కరలేదు. తన శరీరంలో నిషేధిత పదార్థం కనిపిస్తే, అది ఎలా చేరిందన్న దానితో సంబంధం లేకుండా బాధ్యత క్రీడాకారుడిదే. ఉచితంగా వచ్చిన డబ్బా తాగాల్సిందేనని ఒప్పందంలో రాసి ఉంటే, ఆ సంతకంతో క్రీడాకారుడు తన ఆటనే పణంగా పెట్టినట్టు. ఈ ఒక్క విషయం మీద డోపింగ్ వ్యతిరేక సంస్థ ‘నాడా’ నుంచి మనిషిని పిలిపించి మాట్లాడించినా చాలు.

అమ్మాయిల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. ఫొటో షూట్ ఎక్కడ, ఎవరు వెంట ఉంటారు, ఏ దుస్తులు, తీసిన ఫొటోలన్నీ ఎవరి దగ్గర ఉంటాయి, వాటిలో ఏవి వాడాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నవి ముందే రాతలో ఉండాలి. ‘డీల్’ పేరుతో అర్ధరాత్రి వచ్చే సందేశాలను ఎవరికి చూపించాలో వారికి తెలియాలి. విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది. స్పాన్సర్‌గా వచ్చిన బయటి వ్యక్తి వేధించినా ఆ కమిటీ తలుపు తట్టవచ్చని ఎంతమంది విద్యార్థినులకు చెప్పారు? దీన్ని ఆడపిల్లల్ని భయపెట్టి ప్రకటనలకు దూరం చేసే ఉపన్యాసంగా మాత్రం మార్చకండి. మగపిల్లలకు డబ్బు పాఠం, ఆడపిల్లలకు జాగ్రత్తల పాఠం అన్న విభజన మన కళాశాలల్లో ఇట్టే వచ్చేస్తుంది.

ఇప్పుడు మీకు కొంచెం ఇబ్బంది కలిగించే విషయం. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే జాతీయ రహదారి పొడవునా ప్రవేశాల కాలంలో విద్యాసంస్థల హోర్డింగులు ఉంటాయి. ర్యాంకుల పక్కనే పతకాలు పట్టుకున్న విద్యార్థుల ఫొటోలు ఉంటాయి. ఆ ఫొటో వాడుకునేందుకు విద్యార్థి అనుమతి తీసుకున్నారా? ఎంతకాలానికి? చదువు పూర్తయి వెళ్లిపోయాక కూడా ఆ బొమ్మ ఉండవచ్చా? ఫీజు రాయితీ ఇచ్చాం కాబట్టి ముఖం మాదే అనే ధోరణి కొన్ని చోట్ల ఉందని నేను పత్రాలు చూసే చెబుతున్నాను. ఏ సంస్థ అని పేరు చెప్పబోను. 2021లో టోక్యోలో పి.వి. సింధు కాంస్యం గెలిచినప్పుడు, అభినందనల పేరుతో ఆమె ఫొటోను తమ ప్రకటనల్లో వాడుకున్న పలు కంపెనీలకు ఆమె తరఫువారు నోటీసులు పంపారు. అభినందనకూ ప్రచారానికీ మధ్య గీత ఉందని ఆ నోటీసులు దేశానికి గుర్తు చేశాయి. విశ్వవిద్యాలయం ఆ గీతను తానే దాటుతూ, విద్యార్థికి ఒప్పందాల గురించి బోధిస్తే ఎవరు వింటారు? అందుచేత నా మొదటి విన్నపం మీ ప్రవేశాల విభాగానికే. విద్యార్థి క్రీడాకారుడి ఫొటోను ప్రచారానికి వాడుకునే ముందు ఒక పేజీ ఒప్పందం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, కాలపరిమితితో, ప్రతిఫలం ఎంతో రాసి, కాదనే హక్కు ఇచ్చి చేసుకోండి. ఆ విద్యార్థి జీవితంలో చదివే మొదటి ఒప్పందం అదే కావాలి, అది న్యాయంగా ఉండాలి. తర్వాత బయటివారు ఇచ్చే పత్రాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటాడు.

రెండో విన్నపం, దయచేసి మీరే ఏజెంట్లు కావద్దు. ఈ లేఖ చదివి, ‘స్పాన్సర్‌షిప్ సెల్’ పెట్టి, వచ్చిన డబ్బులో విశ్వవిద్యాలయానికి వాటా తీసుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తుందేమోనని నాకు భయంగానే ఉంది. మార్కులు వేసేదీ, హాజరు చూసేదీ, జట్టులోకి ఎంపిక చేసేదీ మీరే అయినప్పుడు, ఒప్పందం కుదిర్చేది కూడా మీరే అయితే విద్యార్థి కాదనలేడు. కోచ్ చెప్పిన బూట్లే వేసుకోవాల్సి వస్తుంది. మీ పని నేర్పడం, అడిగినప్పుడు పత్రం చదివి చెప్పడం. అక్కడితో ఆగండి. జట్టు దుస్తుల మీద ఉండే స్పాన్సర్‌కూ, విద్యార్థి సొంత స్పాన్సర్‌కూ పోటీ వస్తే ఏది ఎప్పుడు వర్తిస్తుందో మాత్రం ముందే రాసి ప్రకటించండి.

ఎలా నేర్పాలన్న దానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. నాగార్జున విశ్వవిద్యాలయంలో వాణిజ్య శాస్త్రం ఉంది, న్యాయ విభాగం ఉంది, వ్యాయామ విద్య కళాశాల ఉంది. ఈ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే రెండు క్రెడిట్ల నైపుణ్య కోర్సు తయారవుతుంది. ఆ బల్ల దగ్గరికి బ్యాంకు ఉద్యోగిని, పన్ను వృత్తిలో ఉన్నవారిని, ఇలాంటి ఒప్పందం చేసి చేతులు కాల్చుకున్న పూర్వ విద్యార్థిని ఒకరిని పిలవండి. కాలు బయటపెట్టడానికి వీల్లేని తరగతి గదిలో కన్నా, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ముందు జరిగే కోచింగ్ క్యాంపుల్లో ఇది బాగా సాగుతుంది. జట్టంతా ఒకచోట ఉంటుంది, సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, సాధన అయ్యాక గంటసేపు కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఉపన్యాసం వద్దు. నిజమైన ఒప్పంద పత్రాన్ని, పేర్లు తీసేసి, చేతికిచ్చి, ఇందులో మీకు నష్టం చేసే వాక్యాలు ఎర్ర పెన్నుతో గీయమనండి. కాలపరిమితి లేని వాక్యం, ‘దానంతట అదే పునరుద్ధరణ’ అనే వాక్యం, గాయపడితే డబ్బు ఆపేస్తామనే వాక్యం, భవిష్యత్తు సంపాదనలో శాతం అడిగే వాక్యం, వేరే రాష్ట్రపు న్యాయస్థానం పేరున్న వాక్యం వారే పట్టుకుంటారు. ఆటలో ప్రత్యర్థి కదలికను చదవగలిగిన పిల్లలకు ఇది చేతకాని విద్య కాదు.

ప్రతి విశ్వవిద్యాలయం కనీసం వారానికి ఒక రోజు, న్యాయ విభాగం నుంచి ఒకరు, వాణిజ్య విభాగం నుంచి ఒకరు విద్యార్థి తెచ్చిన పత్రాన్ని ఉచితంగా చదివి చెప్పే ఏర్పాటు చేయాలి. ఫోన్‌లో ఫొటో తీసి పంపినా సరిపోవాలి, ఎందుకంటే పోటీలకు వెళ్లినప్పుడు రైలులోనే సంతకాలు చేయించుకునేవారు ఉన్నారు. పత్రం చదివి చెప్పేవారు విన్న విషయం క్రీడా విభాగానికి చేరకూడదు. తల్లిదండ్రులకు కూడా ఏడాదికి ఒకసారైనా తెలుగులో చెప్పండి. సంతకం బిడ్డది అయినా, ‘చేసేయ్ నాన్నా, మంచివారిలా ఉన్నారు’ అనే మాట చాలా ఇళ్లలో తల్లిదండ్రులదే. ఖేలో ఇండియా కింద ఎంపికైన క్రీడాకారుడికి ఏడాదికి 6.28 లక్షల సాయం అని పేపర్లో చదివి, ఆ మొత్తం తమ చేతికి వస్తుందనుకునే తండ్రులు నాకు తెలుసు. అందులో నేరుగా బిడ్డకు వచ్చేది నెలకు పది వేల చేతి ఖర్చు, మిగిలినది శిక్షణకూ, వసతికీ. అకాడమీనో, కోచ్‌నో అనుమానించే బదులు ఈ లెక్కను ఎవరో ఒకరు కాగితం మీద చూపిస్తే చాలు.

కాదని చెప్పడం కూడా ఈ కోర్సులో ఉండాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన తర్వాత పుల్లెల గోపీచంద్ ఒక శీతల పానీయం కంపెనీ ప్రకటనను తిరస్కరించిన సంగతి మన తరం అందరికీ గుర్తే. ఆయన పుట్టింది మన పక్కనే, అప్పటి ప్రకాశం జిల్లాలో. ఆ నిర్ణయాన్ని ఆదర్శంగా పొగడటం తేలిక. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది, దేని పక్కన తన పేరు ఉండాలో ఆయనకు ముందే స్పష్టత ఉండటం. విద్యార్థులందరూ అలాగే తిరస్కరించాలని నేను అనను. అప్పు తీర్చాల్సిన ఇంట్లో ఐదు వేల రీల్ చిన్న విషయం కాదు. కానీ ఏ ఉత్పత్తికి ఎందుకు ఒప్పుకుంటున్నానో, ఎందుకు ఒప్పుకోనో ఒక కాగితం మీద రాసుకోమంటే, మొదటి పిలుపు వచ్చినప్పుడు తడబాటు తగ్గుతుంది.

ఈ ఏడాది అంతర్ కళాశాల పోటీల తర్వాత జరిగే మొదటి కోచింగ్ క్యాంపులోనే, ఒక్క జట్టుతోనైనా, దీన్ని మొదలుపెట్టండి. పన్నుల భాగం చెప్పడానికి నేనూ, నా వృత్తిలోని మరికొందరు మిత్రులూ ఫీజు లేకుండా వస్తాం. నాగార్జున నగర్‌కైనా, వడ్డేశ్వరానికైనా, వడ్లమూడికైనా, విజయవాడ ఇండోర్ స్టేడియానికైనా సరే. పేర్లు తీసేసిన నాలుగు ఒప్పంద పత్రాల నమూనాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ రోజు, ఏ గంటకు రావాలో మీ క్రీడా విభాగం తెలియజేస్తే చాలు.

ఇట్లు,
గవర్నర్‌పేటలో పన్నుల సలహా వృత్తిలో ఉన్న ఒక విజయవాడ పౌరుడు